ఆ అర్జీ మీద మా సంతకం ఎందుకు లేదు

సంక్రాంతి సంబరాల నాడు హాలు గుమ్మం దగ్గర, పులిహోర పెట్టిన బల్ల పక్కనే ఇంకో చిన్న బల్ల వేసి దాని మీద ఒక అర్జీ పెట్టారు. మన పార్లమెంటు సభ్యుడికి పంపడానికట. స్పీడు కెమెరాల పేరుతో జరుగుతున్న దోపిడీని ఆపించమని దాని సారాంశం. భోజనాలు ముగిసే వేళకి అరవై పైచిలుకు సంతకాలు పడ్డాయి. మా ఇంటి నుంచి కూడా ఒక సంతకం ఉంది. అది మా శ్రీవారిది. మాది లేదు.

ఎందుకు చెయ్యలేదని ఆ సాయంత్రమే నలుగురు అడిగారు. "డాక్టరమ్మగారికేం లెండి, వంద పౌన్లు ఒక లెక్కా!" అని ఒక పెద్దాయన నవ్వుతూనే అన్నారు. ఆయన అన్నది నిజం. ఆ నిజమే మమ్మల్ని రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ వ్యాసం. (ఈ పత్రికలో అందరూ రాసినట్టే మేమూ "మేము" అని రాస్తున్నాం గాని, అభిప్రాయాలు ఒక్కరివే. వీటిలో తమకు వాటా లేదని స్పష్టంగా వెయ్యమని మా శ్రీవారు కోరారు. వేశాం.)

అర్జీలో ఉన్నవి మూడు మాటలు. కెమెరాలు పెట్టింది ప్రాణాలు కాపాడడానికి కాదు, డబ్బు గుంజడానికి అని మొదటిది. హైదరాబాదులోనూ విజయవాడలోనూ పదేళ్ళు, పన్నెండేళ్ళు కారు నడిపినవాళ్ళని ఇక్కడ "కొత్త డ్రైవర్ల" కింద జమకట్టడం అవమానం అని రెండవది. ముప్ఫై ఉన్న చోట ముప్ఫై ఆరు వెళితే కొంప మునిగిపోయిందా అని మూడవది. మూడో మాట మా వృత్తికి తగిలేది గనక దానితోనే మొదలుపెడతాం.

మేము పనిచేసేది ఆసుపత్రిలో అత్యవసర విభాగంలో. రోడ్డు మీద నుంచి తెచ్చిన మనిషిని చూసి, బండి ఎంత వేగంతో వచ్చి ఉంటుందో ఎవరూ చెప్పకుండానే మేము ఇంచుమించుగా ఊహించుకుంటాం. అదేమీ గొప్ప విద్య కాదు, నాలుగేళ్ళు చూస్తే ఎవరికైనా వస్తుంది. హైవే కోడ్ అని ప్రభుత్వం వారి పుస్తకం ఒకటి ఉంది. థియరీ పరీక్ష కోసం బట్టీపట్టి, పాసయిన మర్నాడు మనమందరం అటక మీద పడేసినది. అందులో ఒక పట్టిక ఉంది. గంటకి 30 మైళ్ళ మీద వస్తున్న బండి, ఎదురుగా ఏదో కనపడ్డ క్షణం నుంచి 23 మీటర్లలో ఆగుతుంది. 40 మీద వస్తున్నదానికి 36 మీటర్లు కావాలి. పట్టిక అక్కడితో ఆగిపోయింది. మనం ఇంకొక్క మెట్టు లెక్క వేద్దాం. సరిగ్గా 23 మీటర్ల దూరంలో ఒక పిల్లవాడు బంతి కోసం రోడ్డు మీదికి వచ్చాడు. 30 మీద ఉన్న బండి వాడి ముందుకొచ్చి ఆగిపోతుంది. వాడు బంతి తీసుకుని వెళ్ళిపోతాడు. 40 మీద ఉన్న బండి, అదే చోట వాణ్ణి చూసినా, వాడి దగ్గరికి వచ్చేసరికి ఇంకా దాదాపు 29 మైళ్ళ వేగంతో ఉంటుంది. పది మైళ్ళే గదా అనుకున్న తేడా ఆ పిల్లవాడి దగ్గర ఇరవై తొమ్మిది మైళ్ళయి కూర్చుంటుంది.

మేమన్నది 36, మీరు 40 కి పోయారేమిటి అంటారు. సరే, 36 కే వద్దాం. 30 తో పోలిస్తే ఆ బండిలో ఉండే శక్తి నూటికి 44 వంతులు ఎక్కువ. శక్తి పెరిగేది వేగం పెరిగినట్టు కాదు, వేగం వర్గం పెరిగినట్టు. ఎంసెట్టులో ఈ సూత్రం మీద మార్కులు తెచ్చుకుని, ఆ మార్కుల పుణ్యాన సీటు తెచ్చుకుని, ఆ సీటు పుణ్యాన ఈ దేశం వచ్చినవాళ్ళం మనం. కారెక్కగానే సూత్రం మరిచిపోతే ఎలాగండీ?

రెండో మాట: మన అనుభవం. ఏ అనుభవం? 2022లో భారతదేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. అందులో పదింట ఏడు వంతుల చావులు అతివేగం కింద నమోదయ్యాయని కేంద్ర రవాణా శాఖ నివేదికే చెప్పింది. 2023లో గ్రేట్ బ్రిటనులో అలా పోయినవారు 1,624. మన జనాభా వీళ్ళ జనాభాకి ఇరవై రెట్లకు కాస్త ఎక్కువ, చావులు మాత్రం నూరు రెట్లు. వీళ్ళేమీ పుట్టుకతో బుద్ధిమంతులు కారు. 1966లో ఇదే దేశంలో రోడ్ల మీద 7,985 మంది చచ్చిపోయారు. సీటు బెల్టు, తాగి నడిపేవాళ్ళ మీద పరీక్షలు, మంచి రోడ్లు, వేగం మీద అదుపు, అన్నీ కలిసి అరవై ఏళ్ళలో ఆ సంఖ్యని దించాయి. అన్నట్టు ఈ దేశంలో వేగానికి మొట్టమొదట జరిమానా కట్టినవాడుగా చెప్పుకునే మనిషి వాల్టర్ ఆర్నల్డ్. 1896 జనవరిలో కెంట్ జిల్లాలో, గంటకి 2 మైళ్ళే వెళ్ళవలసిన చోట 8 మైళ్ళ మీద వెళుతుంటే ఒక కానిస్టేబులు సైకిలు తొక్కుకుంటూ వెంటబడి పట్టుకున్నాడు. జరిమానా ఒక షిల్లింగు. ఆయన కూడా దోపిడీ అనే అనుకుని ఉంటాడు.

మనకి ఇంకో అలవాటు కూడా ఉంది, దాన్నీ సామానుతో పాటు మోసుకొచ్చాం. తెలంగాణాలో 2022 మార్చిలో పాత చలానాల మీద రాయితీ పెట్టారు. స్కూటరు వాళ్ళు నూటికి 25 వంతులు కడితే చాలన్నారు. 2023 డిసెంబరులో మళ్ళీ పెట్టి, ఈసారి స్కూటరు వాళ్ళకి నూటికి 80 వంతులు తగ్గించారు. దసరాకి బట్టల కొట్లో తగ్గింపు ధరల్లాగ చలానాలకీ ఒక సీజను! ఎప్పుడో ఒకప్పుడు తగ్గిస్తారని ఆగడం, తగ్గించాక కట్టడం, కట్టాక మరిచిపోవడం. అక్కడ ఆ చలానాకీ, ఇన్సూరెన్సు ప్రీమియానికీ సంబంధం చూసినవాళ్ళు మా ఎరికలో లేరు. అందుచేత జరిమానా అంటే కరెంటు బిల్లు లాంటిదనీ, కట్టి పారేస్తే వదిలిపోతుందనీ మన నరాల్లో ఉంది. ఇక్కడ అది వదలదు. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

మొదటి మాట, కెమెరాల డబ్బు సంగతి, రెండు ముక్కల్లో తేల్చేస్తాం. 2007 నుంచి ఈ జరిమానాలు పోలీసుల జేబులోకి గాని, మునిసిపాలిటీ జేబులోకి గాని పోవడం లేదు, దేశ ఖజానాకి పోతున్నాయి. స్పీడు క్లాసులకి మనం కట్టే రుసుములో కొంత భాగం ఖర్చుల కింద పోలీసులకి చేరుతుంది, అది మేము కాదనం. కాని ఒళ్ళంతా పసుపు పూసుకుని, నేనిక్కడున్నానని ముందుగా బోర్డు పెట్టి నిలబడే దోపిడీ దొంగని మేమింతవరకు చూడలేదు.

ఇంతదాకా చదివి, "అయితే అంతా సక్రమంగానే ఉందంటారా?" అని మీరు అడగవచ్చు. లేదు. చాలా అన్యాయం ఉంది. కాని ఆ అర్జీ రాసినవారు పామున్న చోటు వదిలేసి పుట్టని కొడుతున్నారు. మా కోపం దాని మీద.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. మా శ్రీవారు ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది మన దేశపు లైసెన్సుతో నడిపారు. పన్నెండు నెలలు దాటితే ఆ లైసెన్సు ఇక్కడ చెల్లదు గనక పరీక్షకి కూర్చుని పాసయ్యారు. పాసయిన నాలుగో నెలలో 30 రోడ్డులో 36. మొదటి తప్పు గనక క్లాసుకి వెళ్ళి వచ్చారు, పాయింట్లు పడలేదు. ఆ తరువాత ఏడాది లోపే 37. క్లాసు మూడేళ్ళకి ఒకసారే ఇస్తారు. ఈసారి 100 పౌన్లూ, మూడు పాయింట్లూ. అటు తరువాత ఒక ఆదివారం మా పేరు మీదికి మూడో నోటీసు వచ్చింది, కారు మా పేరు మీద ఉంది గనక. నోటీసు 14 రోజుల్లో పంపాలి, ఎవరు నడిపారో 28 రోజుల్లో మనం రాసి పంపాలి. నడిపింది ఆయనే. ఇంకో మూడు పడితే ఆరు. పరీక్ష పాసయిన రెండేళ్ళ లోపు ఆరు పాయింట్లు వస్తే, 1995లో చేసిన చట్టం ప్రకారం లైసెన్సు రద్దు. మళ్ళీ ఎల్ బోర్డు, మళ్ళీ థియరీ, మళ్ళీ పరీక్ష.

ఆయన కాగితం చదివి, టీ తాగి, కాసేపయ్యాక, "నీకు ఒక్క పాయింటూ లేదు గదా, నువ్వు నడిపినట్టు రాస్తే పోలా?" అన్నారు. పాపం, అదేదో ఘోరమన్నట్టు కూడా అనలేదు. కూరలో ఉప్పు వేశావా అన్నంత మామూలుగా అన్నారు. ఆయనకి ఈ ఉపాయం చెప్పింది మన సంఘంలో వాళ్ళే. ఇద్దరు ముగ్గురు ఇళ్ళలో ఇదివరకే అలా జరిగిందట. భార్య లైసెన్సు మంగళసూత్రం లాంటిదట, భర్తకి ఆపద వస్తే అడ్డం వెయ్యడానికి!

క్రిస్ హ్యూన్ కథ ఆ ఉపాయం చెప్పినవాళ్ళకి తెలియదనుకుంటాం. 2003లో ఎం11 మోటారు వే మీద ఆయన కారు కెమెరాకి చిక్కింది. పాయింట్లు భార్య విక్కీ ప్రైస్ తన మీద వేసుకుంది. ఏళ్ళు గడిచాయి, ఆయన మంత్రి అయ్యాడు, సంసారం విడిపోయింది, కథ బయటపడింది. 2013 మార్చిలో ఇద్దరికీ చెరొక ఎనిమిది నెలలు జైలు. మొగుడి బలవంతం మీద చేశానని ఆవిడ వాదించుకుంది. భార్యలకి అలాంటి వాదన ఒకటి అప్పటికి చట్టంలో ఉండేది, జూరీ నమ్మలేదు. మరుసటి ఏడాది, 2014లో, ఆ వాదనే చట్టంలోంచి తీసేశారు. కాబట్టి సోదరీమణులారా, ఆయన చెయ్యమంటే చేశానన్న మాట ఇప్పుడు వినేవాడే లేడు. మూడు పాయింట్లు తప్పించుకోబోతే అది వేగం కేసు కాదు, న్యాయాన్ని వక్రీకరించిన కేసు. జైలుకి పోయే కేసు.

మేము ఆయన పేరే రాశాం. ఇందులో సత్యహరిశ్చంద్రుడి అంశ సగమే, మిగతా సగం భయం. అబద్ధం రుజువైతే డాక్టరు రిజిస్ట్రేషను నిలుస్తుందన్న నమ్మకం మాకు లేదు. ఆయన లైసెన్సు రద్దయింది. మూడు వారాలు మాట్లాడుకోలేదు. తరువాత రైలు పాసు కొన్నాం. ఆయన ఇంటి నుంచే వారానికి మూడు రోజులు పనిచేసుకునేలా మాట్లాడుకున్నారు. ఏడు నెలలకి మళ్ళీ పాసయ్యారు. ఇన్సూరెన్సు ఏడాదికి 640 పౌన్ల నుంచి 910 కి పెరిగింది. 270 ఎక్కువ. ఒకేసారి కట్టేశాం. చెప్పుకుంటే సిగ్గుగా ఉంది గాని, ఆ ఏడాది మా ఇంట్లో ఆగిపోయిన పని ఒక్కటీ లేదు.

ఇప్పుడు రెండో ఇల్లు. మన సంఘంలోనే ఒక అమ్మాయి ఉంది. ప్రకాశం జిల్లా. తన సంగతి రాయమని తనే అంది, పేరు వద్దంది. కేర్ వర్కరు వీసా మీద వచ్చింది. పొద్దున ఆరింటికి లేచి ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, స్నానం చేయించి, బట్టలు తొడిగి, మందులు మింగించి, ఇంకో ఇంటికి పరిగెత్తే పని. గంటకి పన్నెండు పౌన్ల చిల్లర. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య ఆమె రోటాలో వేసింది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో వెళ్ళాలంటే ఎలా నడపాలో రోటా వేసినవాళ్ళకి తెలియదనుకోము.

ఒక రోడ్డు మీద 30 ని 20 చేశారు. బోర్డు పెట్టారు. చూసుకోవలసిందే, తప్పు ఆమెదే, ఆమె కూడా కాదనలేదు. పన్నెండు రోజుల్లో అదే కెమెరా ముందు మూడు సార్లు వెళ్ళింది: 27, 26, 28. మొదటి ఉత్తరం ఇంటికి వచ్చేసరికే మూడు తప్పులూ అయిపోయాయి. తప్పు చేశావని చెప్పకముందే మూడు సార్లు చేసినట్టయింది. ఒకదానికి క్లాసు ఇచ్చారు. మిగతా రెండింటికీ వందేసి పౌన్లు, మూడేసి పాయింట్లు. పరీక్ష పాసయి ఏడాదిన్నర. ఆరు పాయింట్లు. రద్దు.

చట్టం దృష్టిలో మా శ్రీవారికీ ఆ అమ్మాయికీ పడ్డది అక్షరాలా ఒకే శిక్ష. ఒక క్లాసు, 200 పౌన్లు, ఆరు పాయింట్లు, రద్దు. చూడండి మరి ఆ ఒకే శిక్ష రెండిళ్ళలో ఏంచేసిందో. 100 పౌన్లంటే ఆమెకి ఎనిమిది గంటల పని, పన్ను కోతకి ముందు. బండి లేని మనిషికి ఇళ్ళ డ్యూటీ ఇవ్వలేమన్నారు. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సరుని వెతుక్కోవడానికి వీసా వాళ్ళు ఇచ్చేది 60 రోజులు. ఆమెకి నిద్ర పట్టక మా దగ్గరికి వచ్చింది, మాత్రలేమైనా ఇస్తావేమో అక్కా అని. అప్పుడు తెలిసింది మాకీ కథ. చివరికి పదకొండు మైళ్ళ దూరంలో ఒక వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ దొరికింది. రాత్రి బస్సు లేదు. ఆ నెలల్లో మన సంఘంలో ఎన్ని కార్లున్నాయో అందరికీ తెలుసు. ఆమెని ఒక్కసారైనా దింపివచ్చినవి రెండు. అరవై సంతకాలు, రెండు కార్లు.

ఆమె మళ్ళీ పాసయి ఇన్సూరెన్సు అడిగింది. అంతకు ముందు ఏడాదికి 1,400 కట్టేది. ఇప్పుడు అందరికంటే తక్కువ చెప్పిన కంపెనీ 2,600 అంది. పన్నెండు వందల పౌన్లు ఎక్కువ. చట్టం వేసిన జరిమానా 200. కంపెనీ వేసిన జరిమానా దానికి ఆరు రెట్లు, అదీ ఒక్క ఏడాదికి. మా ఇంట్లో అదే తప్పుకి 270 పెరిగిందని పైన రాశాం. ఆమె చేసిన నేరం మా శ్రీవారి నేరం కంటే నాలుగు రెట్లు పెద్దదా? కాదు. కారణం వేరే ఉంది. ప్రీమియం పెంచేది ఇంత అని కాదు, నూటికి ఇంత అని. వయసు తక్కువ, అద్దెకున్న పేట మంచిది కాదు, ఇక్కడ క్లెయిము లేకుండా నడిపిన ఏళ్ళు లేవు గనక ఆమె ముందే ఎక్కువ కడుతోంది. ఎక్కువ కట్టేవాళ్ళకి పెరుగుదలా ఎక్కువే. పైగా 2,600 ఒకేసారి కట్టగలిగిన మనిషైతే రాత్రి డ్యూటీ ఎందుకు చేస్తుంది? నెలనెలా కడుతుంది, దాని మీద వడ్డీ కూడా కడుతుంది. మాకా వడ్డీ లేదు. ఉన్నవాడికి తగ్గింపు, లేనివాడికి వడ్డీ!

ఇందులో ఇంకో తిరకాసు ఉంది, మనలో చాలామందికి తెలియదు. పాయింట్లు లెక్కకి వచ్చేది మూడేళ్ళు. లైసెన్సు మీద కనపడేది నాలుగేళ్ళు. ఇన్సూరెన్సు కంపెనీ అడిగితే చెప్పి తీరవలసింది అయిదేళ్ళు. మూడు, నాలుగు, అయిదు. నాలుగేళ్ళయింది, లైసెన్సు మీద మచ్చ పోయింది గదా అని చెప్పడం మానేశారా, అది దాచిపెట్టినట్టు. కంపెనీ పాలసీని రద్దు చేస్తే ఆ బండి ఇన్సూరెన్సు లేని బండి. దానికి 300 పౌన్లు, మళ్ళీ ఆరు పాయింట్లు. క్లాసుకి వెళ్ళి వచ్చినది శిక్ష కాదు గాని, దాన్ని కూడా కొన్ని కంపెనీలు అడుగుతాయి. అడిగితే నిజమే చెప్పాలి.

కంపెనీల పక్షం నుంచి ఒక మాట చెప్పకపోతే మేము అర్జీ రాసినవాళ్ళకంటే మెరుగు కాము. వేగంగా నడిపేవాళ్ళ వల్ల ప్రమాదాలు ఎక్కువ, ఆ భారం జాగ్రత్తగా నడిపేవాళ్ళ మీద వెయ్యడం ధర్మం కాదని వారంటారు. ఒప్పుకుంటాం. పెంచడం తప్పని మేము అనడం లేదు. కాని మా ఇంటికి వచ్చిన నోటీసు అటూ ఇటూ తిప్పి చదివాం. 100 పౌన్లని రాశారు, మూడు పాయింట్లని రాశారు, ఇన్సూరెన్సు మాట మాకెక్కడా కనపడలేదు. అన్నింటికంటే పెద్ద శిక్ష కాగితం మీద లేదు. దాన్ని వేసేది మేజిస్ట్రేటు కాదు. దానికి అప్పీలు లేదు. ఎంతో ముందుగా ఎవరూ చెప్పరు. ఏడాది తిరిగి పాలసీ మార్చుకునే రోజున కంప్యూటరు తెర మీద కనపడుతుంది. రోగికి కత్తి పెట్టేముందు ఏం జరగవచ్చో చెప్పి సంతకం తీసుకోకపోతే మమ్మల్ని కోర్టుకీడుస్తారు. జరిమానా కాగితానికి ఆ పాటి మర్యాద అక్కరలేదా?

అసలు తప్పు ఆ 100 పౌన్ల దగ్గరే ఉంది. ఎంత సంపాదించేవాడికైనా అదే వంద. విచిత్రమేమంటే ఈ దేశపు కోర్టులకి ఆదాయాన్ని బట్టి జరిమానా వెయ్యడం తెలుసు. కేసు కోర్టుకి వెళితే వేగాన్ని మూడు తరగతులు చేసి, వారం ఆదాయంలో సగం, వారం ఆదాయం, వారంన్నర ఆదాయం ప్రాతిపదికగా వేస్తారు. పై తరగతికి వారంన్నర అన్నది 2017 ఏప్రిల్ నుంచి వచ్చింది. కాని 1,000 పౌన్లు దాటకూడదు, మోటారు వే మీదైతే 2,500. ఇప్పుడు లెక్క చూడండి. వారానికి 450 చేతికి వచ్చే మనిషికి పై తరగతిలో 675. వారానికి 1,500 తెచ్చుకునే మన పెద్ద డాక్టర్లకి లెక్క ప్రకారం 2,250 పడాలి, వెయ్యి దగ్గర ఆగిపోతుంది. పేదవాడు వారంన్నర కష్టం కట్టాలి, పెద్ద డాక్టరు వారంలో మూడింట రెండు వంతులు కడితే చాలు. ఆదాయాన్ని బట్టి వెయ్యడానికి చేతులు వచ్చి, ఆదాయం బాగా ఉన్నచోట చేతులు ముడుచుకుంటారు! ఫిన్లండులో 1921 నుంచి రోజు ఆదాయాన్ని బట్టి జరిమానా వేసే పద్ధతి ఉంది. 2023లో అక్కడి ఓలండ్ దీవుల్లో ఒక కోటీశ్వరుడు గంటకి 50 కిలోమీటర్లు వెళ్ళవలసిన చోట 82 వెళ్ళినందుకు 1,21,000 యూరోలు వేశారు. ఆ పద్ధతే ఇక్కడ ఉంటే మన హాలు బయట కార్లు ఆగే తీరే మారిపోతుంది.

మన మాటలు వినండి ఒకసారి. పుట్టినరోజు పార్టీల్లో, వంటింట్లో, బార్బెక్యూ దగ్గర. "మొన్న వంద వదిలింది", "వాడికో వంద పడేశా". వంద పడెయ్యగలిగినవాళ్ళకి అది శిక్ష కాదు, త్వరగా వెళ్ళడానికి కొనుక్కున్న టిక్కెట్టు. మేము కూడా ఆ టిక్కెట్టు కొన్నవాళ్ళమే. మూడేళ్ళ కిందట డ్యూటీకి ఆలస్యమై 30 రోడ్డులో 35 వెళ్ళి, క్లాసుకి కూర్చుని, ఆ క్లాసులో ఫోను చూసుకుంటూ గడిపాం. ఆ అమ్మాయి మా ఎదుట కూర్చుని నిద్రమాత్రలు అడిగిన రోజున అది గుర్తొచ్చింది.

అర్జీ రాసినవారికి మాదొక ప్రశ్న. మీ అర్జీ నెగ్గి కెమెరాలు తీసేశారే అనుకుందాం. ఎవరికి లాభం? వంద పడేసేవాళ్ళకి ఆ వంద మిగులుతుంది. ఆ అమ్మాయి రోటాలో పది నిమిషాలు పది నిమిషాలుగానే ఉంటాయి. కెమెరా లేదు గనక అయిదు చేస్తారేమో కూడా. ఆ రోడ్డు దాటే పిల్లవాడికి ఏం మిగులుతుందో పైన లెక్క వేసే చూపించాం.

అందుచేత మేము వేరే కాగితం ఒకటి రాశాం. కెమెరాలు ఉండనివ్వండి, రెండేళ్ళ చట్టం కూడా ఉండనివ్వండి అనే దాని మొదటి వాక్యం. అది చదివి కొందరు బల్ల దగ్గర నుంచి వెళ్ళిపోతారని తెలుసు. నోటీసు దగ్గరే, కోర్టుకి వెళ్ళకుండానే, ఆదాయాన్ని బట్టి జరిమానా కట్టే దారి పెట్టమన్నాం. పైన ఆ వెయ్యి పౌన్ల కప్పు తీసెయ్యమన్నాం. ఒకే కెమెరా దగ్గర, మొదటి ఉత్తరం చేరకముందు జరిగిన తప్పులన్నిటినీ కలిపి ఒకటిగా చూడమన్నాం. ఇన్సూరెన్సు మీద అయిదేళ్ళ పాటు ప్రభావం ఉంటుందని నోటీసులోనే పెద్ద అక్షరాలతో అచ్చు వెయ్యమన్నాం. ఇళ్ళకి తిరిగే కేర్ వర్కర్ల రోటాలో, వేగపరిమితిలో నడిపితే పట్టే సమయం ఇచ్చి తీరాలని రాశాం. ఈ ఆఖరిది పార్లమెంటు సభ్యుడి చేతిలో ఉందో లేదో చూసి చెబుతానని మనలో ఒక సొలిసిటరు గారన్నారు.

కార్యదర్శి గారు సహృదయంతో ఉగాది నాడు ఈ కాగితానికి కూడా బల్ల ఇస్తామన్నారు, పులిహోరకి మరీ దగ్గరగా కాకపోయినా. దాని పక్కనే ఇంకో తెల్ల కాగితం ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి, పొద్దున ఏడున్నరకి ఎవరినైనా డ్యూటీ దగ్గర దింపగలిగినవాళ్ళు పేరూ, వారమూ రాయడానికి. ఆ అమ్మాయికి ఇప్పుడు లైసెన్సు వచ్చింది గాని, 2,600 కూడబెట్టేదాకా బండి తియ్యలేదు. మంగళవారం, శుక్రవారం మేము రాసుకున్నాం. మా శ్రీవారు అర్జీ సంగతి ఇంకా ఆలోచిస్తున్నారు గాని, ఆదివారం ఎదుట తన పేరు వేశారు.